పేర్ల పట్టీలో రాత్రి కనపడదు

మూలాపేట, నెల్లూరు
ఆదివారం

చిరంజీవి అమ్మాయికి,

బెంగళూరు క్లబ్ నైట్ మీద నువ్వు రాసిన వ్యాసం మీ నాన్న ప్రింటు తీయించి తెచ్చిచ్చాడు. నేను ఫోన్లో చదవలేనని ఆయనకు తెలుసు. రెండుసార్లు చదివాను. బాగుందని ఒక ముక్క చెప్పి పంపేద్దామనుకున్నాను గానీ, చివర పెన్నుతో ‘బాబాయ్, మొహమాటపడకుండా చెప్పు’ అని రాశావు కదా. అందుకని కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

ముందు ఒక మాట. కావలిలో మీ అత్త ఈ వ్యాసం చదివితే ఏమనుకుంటుందో ఆలోచించు. మన వైపు క్లబ్బంటే పేకాట. డీజే అంటే వినాయకుడి నిమజ్జనానికి బండి మీద పేర్చిన సౌండు బాక్సులు. ‘డీజే పెట్టారు’ అంటాం గానీ ‘డీజే వచ్చాడు’ అనం. మనకది సామాను, పాట మీద పాట కలుపుతూ రికార్డులు వేసే మనిషి కాదు. నువ్వేమో మొదటి లైన్లోనే ‘ఈ క్లబ్ నైట్ రెసిడెంట్లు’ అని ఎత్తుకున్నావు. రెసిడెంటంటే అక్కడే కాపురం ఉంటున్నాడేమో అనుకుంటుందావిడ, ప్రతిసారీ అక్కడ పాటలు వేసే సొంత డీజే అని తెలియదు. క్లబ్బంటే డాన్సు చేసే చోటు, క్లబ్ నైట్ అంటే అందులో ఒకరు తమ పేరుతో నడిపే రాత్రి అని ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే సరిపోయేది. కల్యాణమండపం ఒకటే, అందులో ఇవాళ ఒకరి పెళ్లి, రేపు ఇంకొకరిది. లండన్‌లో 1999లో తెరిచిన ఫ్యాబ్రిక్ క్లబ్బునే చూడు. శుక్రవారాలు డ్రమ్ అండ్ బేస్ లాంటి వేగమైన డాన్సు సంగీతానికి, శనివారాలు హౌస్, టెక్నో అనే వేరే రకాలకి ఇచ్చి పేరు తెచ్చుకుంది. గోడలు అవే, శుక్రవారం గుణం వేరు, శనివారం గుణం వేరు. నువ్వు రాయాల్సింది ఆ గుణం గురించి. నువ్వు గోడల గురించి, లైట్ల గురించి ఒక పేజీ రాశావు.

ఇక అసలు సంగతి. మూడో పేరా మొత్తం పేర్లే. లెక్కపెట్టాను, పద్నాలుగు. ఏ నెలలో ఎవరొచ్చారు, వాళ్లది టెక్నోనా, డిస్కోనా, డబ్ రకమా, జంగిల్ రకమా అని వరసగా పేర్చి, చివర ‘ఇలా ఇక్కడ అన్ని రకాల సంగీతానికీ చోటుంది’ అని ముగించావు. అమ్మాయీ, అన్ని రకాలూ అంటే ఏ రకమూ కాదు. ట్రంకు రోడ్డులో హోటల్ బోర్డులు చూడలేదూ? ఆంధ్రా, నార్త్ ఇండియన్, చైనీస్, తందూరి అని రాసుంటుంది. మనం మాత్రం లోపలికి పోయేది చేపల పులుసు కోసం.

నేనూ ఇదే తప్పు చేశాను, అందుకే ఇంత ధీమాగా చెబుతున్నా. నీ వయసులో, కొండపి వైపు ఒక ఊళ్లో తిరునాళ్లకు పద్య నాటకం ఆడుతుంటే, ఒక చిన్న పత్రికవాళ్లు చూసి రాయమన్నారు. కాంట్రాక్టు నాటకం అది. ఒకే ట్రూపు కాదు, కాంట్రాక్టరు ఒక్కో వేషానికి ఒక్కో ఊరి నుంచి మనిషిని మాట్లాడుకొస్తాడు. తెల్లవార్లూ ముగ్గురు కృష్ణులు మారారు. నేను ముగ్గురి పేర్లూ రాశాను, అర్జునుల పేర్లు రాశాను, ఎవరికి ఎన్ని వన్స్‌మోర్లు పడ్డాయో కూడా రాశాను. అచ్చయింది. నాలుగు రోజులు కాలరెగరేసుకుని తిరిగాను. తర్వాత ఒంగోలు బస్టాండులో ఆ రాత్రి హార్మోనియం వాయించిన పెద్దాయన కనపడ్డాడు. టీ ఇప్పించి, ‘బాగా రాశావు నాయనా. మరి రాత్రంతా నేనెక్కడున్నాను?’ అన్నాడు. ఆ టీ ఇప్పటికీ గొంతు దిగలేదు.

మొదటి కృష్ణుడు ఐదు శ్రుతిలో ఎత్తుకుంటే, తర్వాతాయనకి నాలుగు చాలు. ఆ దిగుడు జనానికి తెలియకుండా దించింది ఆ హార్మోనియమే. ఒకాయన రాగం సాగదీసి సాగదీసి ఊపిరందక ఆగితే ఆ ఖాళీని పూడ్చిందీ అదే. ముగ్గురు కృష్ణులొచ్చినా నాటకం మూడు ముక్కలు కాలేదంటే కారణం వేషం కట్టకుండా పక్కన కూర్చున్న మనిషి. క్లబ్ నైట్‌లో ఆ మనిషి పేరు రెసిడెంట్ డీజే. పోస్టరు మీద అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాడు. నీ వ్యాసంలో అక్కడ కూడా లేడు.

ఆ మాటకున్న బరువు తెలియాలంటే చికాగో దాకా పోవాలి. 1977లో అక్కడ వేర్‌హౌస్ అనే క్లబ్బు పెట్టారు. ఫ్రాంకీ నకుల్స్ అందులో రెసిడెంట్. డిస్కో, సోల్, యూరప్ నుంచి వచ్చిన సింథసైజర్ పాటలు, ఏదైనా వేసేవాడు. పైకి చూస్తే కలగాపులగం. కానీ జనం రికార్డుల షాపుకెళ్లి ‘వేర్‌హౌస్‌లో వేస్తారే, ఆ పాటలు ఇవ్వండి’ అని అడిగేవాళ్లట. ఆ మాటే అరిగి ‘హౌస్’ అయిందంటారు. ఎన్నెన్నో రకాల పాటలు ఒక మనిషి చెవిలోంచి వడకట్టుకుని వచ్చేసరికి వాటికి ఒకే ఇంటిపేరు వచ్చింది. నీకు కావాల్సింది ఆ ఇంటిపేరు. అది పేర్లు కలిపితే రాదు.

మా పెద్దోడు గ్లాస్గోలో చదివే రోజుల్లో ఆదివారం రాత్రి ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు. తర్వాత తెలిసింది, సబ్ క్లబ్ అనే నేలమాళిగలో ఆదివారాలు ‘ఆప్టిమో’ అనే రాత్రి జరిగేదట. 1997లో మొదలై 2010 దాకా నడిచింది. ఇద్దరు రెసిడెంట్లు. టెక్నో పక్కన పాత రాక్, దాని పక్కన రెగె, మధ్యలో ఎప్పుడన్నా బ్యాండ్లు. ‘ఇంతకీ అక్కడ ఏం వేస్తార్రా’ అంటే మావాడు చెప్పలేకపోయేవాడు. ‘ఏం వెయ్యరు’ అని అడిగితే మాత్రం టకటకా చెప్పాడు. ఆ ప్రశ్న నేను దాచుకున్నాను, నీకిస్తున్నా. నీ బెంగళూరు రాత్రికి బుకింగులు చేసేవాళ్లని ఎవర్ని పిలిచారని అడక్కు, అది పోస్టర్లో ఉంది. ఎవర్ని వద్దనుకున్నారో, ఎందుకో అడుగు. ఎవరి తర్వాత ఎవర్ని కూర్చోబెట్టారో, అటూ ఇటూ మారిస్తే ఏం చెడేదో అడుగు. పేర్లు అచ్చెయ్యక్కర్లేదు, కారణాలు చాలు.

ఇంకో చోట ఆగిపోయాను. ‘హౌస్ నుంచి డ్రమ్ అండ్ బేస్‌లోకి అలవోకగా జారిపోయింది’ అని రాశావు. ఎట్లా జారిందమ్మా? హౌస్ నిమిషానికి 120, 130 బీట్ల దగ్గర నడుస్తుంది. డ్రమ్ అండ్ బేస్ 170 పైమాటే. పేరుమోసిన టెక్నిక్స్ 1200 టర్న్‌టేబుల్ మీద స్పీడు మార్చే మీట పైకి 8 శాతం, కిందికి 8 శాతం. 125 బీట్ల రికార్డును ఎంత తోసినా 135 దాటదు. ఇప్పటి మెషీన్లలో ఇంకా లాగొచ్చు, కానీ అంత లాగితే పాట పాటలా ఉండదు. మరి మధ్యలో ఏదో జరిగింది. బీటే లేని పాట ఒకటి వేసి జనాన్ని నిలబెట్టాడా? లేక 87 దగ్గర నడిచే నెమ్మది డబ్ పాటలోకి దించి, దాని మీద 174 ఎక్కించాడా? సంగీతం టీచరు సరళీ స్వరాలు రెండో కాలంలో పాడిస్తుందే, అదే కిటుకు. తాళం మారదు, స్వరాలు రెట్టింపవుతాయి. అక్కడ తల నెమ్మదిగా ఊపుతున్నవాళ్లు ఎప్పుడు కాళ్లు ఎత్తారో చూసి రాస్తే, అది చదివేవాడి ఒంటికి తెలుస్తుంది. ‘అలవోకగా’ అన్నది నువ్వు చూడకుండా వదిలేసిన చోట వేసిన మూత. ‘హోరెత్తింది’, ‘మత్తెక్కించింది’, ‘ఊగిపోయారు’ కూడా కొట్టేశాను. ఎర్ర గీతలు చూసి కోప్పడకు.

బెంగళూరులో ఒంటి గంటకల్లా లైట్లు వేసేస్తారు కదా. ఆ సంగతి నువ్వు ఫిర్యాదులా రాశావు. నాకది వ్యాసంలో అన్నిటికన్నా పనికొచ్చే ముక్కలా కనిపించింది. బెర్లిన్‌లో బెర్గ్‌హైన్ క్లబ్బు లాంటి చోట శనివారం మొదలైంది సోమవారం పొద్దుటి దాకా సాగుతుంది, అక్కడ డీజేకి తొందర లేదు. నాలుగైదు గంటల్లో ముగ్గుర్ని ఎక్కించి దించాలంటే వరస ఎట్లా మారుతుంది? ఎవరి వాటా తగ్గుతుంది? మీ ఊరి రాత్రి స్వభావంలో సగం ఆ గడియారమే చేసిందేమో చూడు.

చివరి పేజీలో ‘ఇది మన సంగీతం కాకపోయినా’ అని క్షమాపణ లాంటిది పెట్టావు. ఎవరికోసం? 1982లోనే బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సినిమా వాద్యకారుడు రోలండ్ కంపెనీ బేస్ మెషీన్ టీబీ-303, డ్రమ్ మెషీన్ టీఆర్-808 ముందు పెట్టుకుని పది రాగాలను డిస్కో తాళం మీద రికార్డు చేశాడు. అప్పుడెవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలైతే, అదే 303తో చికాగో వాళ్లు చేసిన యాసిడ్ హౌస్‌కి ముందే ఇట్లాంటిది ఎట్లా వచ్చిందని ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది. ఆయన హౌస్ కనిపెట్టాడని నేననను, అట్లా రాసేవాళ్లని నమ్మకు కూడా. కానీ ఆ మెషీన్లు మనవాళ్ల చేతికి కొత్తేం కాదు. ఆ వాక్యం తీసెయ్.

మొహర్రానికి రొట్టెల పండుగకి వస్తానన్నావు. వచ్చినప్పుడు ఒక పని చెయ్. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, చదువు రొట్టె, సంతానం రొట్టె అని ఏటా పేపర్లలో పట్టీ వేస్తారు. నువ్వు ఆ పట్టీ రాయకుండా స్వర్ణాల చెరువు గట్టున ఒక గంట నిలబడి, పోయినేడు రొట్టె పుచ్చుకుని కోరిక తీరిన మనిషి నీళ్లలో నిలబడి ఎవరి చేతిలో రొట్టె పెడుతోందో, పెట్టేటప్పుడు ఏం మాట్లాడుతోందో రాయి. రెండు పేజీలు చాలు.

ఆ తర్వాత బెంగళూరు పోయి అదే రాత్రికి మళ్లీ వెళ్లు. ఈసారి పెద్ద పేరున్నవాడు ఎక్కాక, పదకొండింటికి కాదు. తలుపు తీసేటప్పటికే పో. పదిమంది కూడా ఉండరు. ఫోన్లు చూసుకుంటూ గోడలకు ఆనుకుని ఉంటారు. ఖాళీ గదికి రెసిడెంట్ ఏం వేస్తున్నాడో, మొదటి మనిషి గోడ వదిలి ముందుకొచ్చింది ఏ పాటకో రాసుకో. ఆ గంట గురించి మాత్రమే రాసి పంపు. వచ్చిన పెద్ద డీజేల పేర్లు ఒక్కటి కూడా వద్దు.

పోస్టులో పంపు. మీ నాన్నని ప్రింటు షాపుకి తిప్పకు, మోకాళ్లు నొప్పులంటున్నాడు.

ఇట్లు,
బాబాయి