జెనిటివ్ ఎక్కట్లేదని జర్మన్ మానిపించేస్తారా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ అయ్యాక జర్మనీలో నర్సు ఉద్యోగం కోసం హైదరాబాద్ హాస్టల్లో ఉండి జర్మన్ నేర్చుకుంటోంది, బీ1 లెవెల్ నడుస్తోంది. జెనిటివ్ కేస్ మొదలైనప్పట్నించి ఏమీ ఎక్కట్లేదని ఫోన్లో ఏడుస్తోంది. కన్సల్టెన్సీ వాళ్ళు ఆర్నెల్లలో దాని పై లెవెల్ బీ2 అన్నారు. పక్కింటమ్మాయి అప్పుడే వెళ్ళిపోయింది, నేను రోజూ అడుగుతూనే ఉన్నా. ఇది మానిపించి ఐఈఎల్‌టీఎస్‌లో వేసి యూకే పంపనా? రెండిట్లో ఏది బెటర్? – ఒక తల్లి, ఖమ్మం

చూడండమ్మా, ఈ ప్రశ్న నాకు ఊరు మారి వస్తూనే ఉంటుంది, ఒకరికి డేటివ్ (ఫలానా వాళ్ళకి అని చెప్పే విభక్తి) దగ్గర బండి ఆగుతుంది, ఇంకొకరికి జెనిటివ్ దగ్గర. మీ భయం గ్రామర్ గురించి కాదు, కట్టిన డబ్బులు పోతాయేమో, పిల్ల వల్ల కాదేమో అని. అవుతుంది, అది ముందే చెప్పేస్తున్నా.

జెనిటివ్ అంటే ఫలానా వాళ్ళది అని చెప్పడమే. మనం ఇల్లు తలుపు అనం, ఇంటి తలుపు అంటాం, ఎవరూ నేర్పకుండానే మాట మార్చేస్తాం. జర్మన్లో మార్పంతా ఎక్కువగా ముందుండే ఆర్టికల్‌కి వస్తుంది, పైగా ఎవరిదో ఆ మాట వెనక్కెళ్తుంది. డేర్ ఫాటర్ అంటే నాన్న, నాన్న కారు అనాలంటే డాస్ ఔటో డెస్ ఫాటర్స్, డేర్ కాస్తా డెస్ అయింది, చివర ఒక ఎస్ తగిలింది. డాస్ వచ్చే నపుంసకలింగం మాటలకీ ఇదే లెక్క. పిల్లలు జారేది అమ్మ దగ్గర, డీ ముటర్ వచ్చి డేర్ ముటర్ అవుతుంది, చివర ఏమీ చేరదు, ఇన్నాళ్ళూ డేర్ అంటే పుంలింగం అని బట్టీ పట్టిన పిల్లకి ఇక్కడ బుర్ర తిరక్కపోతేనే ఆశ్చర్యం. రేపు వార్డులో రోజూ రాయాల్సింది ఇంకోటుంది, పేషెంట్ బీపీ అంటే డేర్ బ్లూట్‌డ్రుక్ డెస్ పాట్సియెంటెన్, ఇక్కడ ఎస్ కాదు, ఎన్ వస్తుంది. ఇలాంటివి కొన్నే, లిస్టు రాసుకుంటే సరి.

మాట్లాడేటప్పుడైతే జర్మన్లే దీన్ని చాలాసార్లు తప్పించుకుంటారు, డాస్ ఔటో ఫోమ్ ఫాటర్ అనేస్తారు. వేగెన్ (వల్ల) అనే మాట తర్వాత జెనిటివ్ రావాలని పుస్తకాల్లో ఉంటుంది గానీ నోటితో డేటివ్ వాడేవాళ్ళు బోలెడుమంది. చదివితే గుర్తుపట్టాలి, రిపోర్టు రాసేటప్పుడు రావాలి, అంతే.

నా అనుమానమల్లా ఆ ఆర్నెల్ల మాట మీద. అంతలో బీ2 కొట్టేవాళ్ళు లేరని కాదు, కానీ అందరికీ అదే గడువు పెట్టి కింది లెవెల్ ఏ2 అరక్కుండానే బీ1 పుస్తకం తెరిపిస్తే నింద జెనిటివ్ మీద పడుతుంది, అసలు ఇరుక్కున్నది వెనకాల డేటివ్‌లో అయ్యుంటుంది, అడిగి చూడండి. ఇంకా చాలా ఆఫీసుల్లో నసుగుతూ దాటేసే సంగతి ఏంటంటే, అక్కడ దిగగానే రిజిస్టర్డ్ నర్సు అయిపోరు. డిగ్రీ చూసి ఏం తక్కువుందో లెటర్ ఇస్తారు, దాన్నిబట్టి అడాప్టేషన్ కోర్సో నాలెడ్జ్ టెస్టో పూర్తయ్యేదాకా చాలామంది హెల్పర్ హోదాలో తక్కువ జీతానికే చేస్తారు. పేషెంటుకి స్నానం చేయించడం, తినిపించడం అక్కడ నర్సు పనే, అటెండర్లకీ బంధువులకీ వదిలేసేది కాదు. పళ్ళు లేని పెద్దాయన యాసలో గొణిగితే అర్థం చేసుకోవడం ముందు ఈ జెనిటివ్ ఒక లెక్కా?

కోపం తెచ్చుకోకండి గానీ, రోజూ ఫోన్ చేసి అయిందా అయిందా అని పక్కింటమ్మాయిని తెచ్చి మీద పెడితే ఆ పిల్లకి ఏం ఎక్కుతుందమ్మా? ఏడుస్తోంది అని మీరే రాశారు, ఎందుకేడుస్తోందో అందులోనే ఉంది. ఓ నెల పాటు జర్మన్ ఊసెత్తకండి, తిన్నావా అని మాత్రం అడగండి.

యూకే అంటారా, ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో 6.5, మిగతా మూడింట్లో 7 కావాలి, ఆ తర్వాత సీబీటీ అనే కంప్యూటర్ పరీక్ష, ఓఎస్‌సీఈ అనే ప్రాక్టికల్ పరీక్ష ఉంటాయి. అదేం సులువు దారి కాదు. ఇంగ్లీష్ బాగా వచ్చి, తనకే అటు మనసుంటే వేరే మాట, ఈ ఒక్క చాప్టర్ కోసం మాత్రం మార్చొద్దు. జర్మన్‌కి గోథే ఇన్‌స్టిట్యూట్ పెట్టే బీ1 పరీక్షలో నాలుగు మాడ్యూల్స్, ఒక్కోదాంట్లో నూటికి 60 వస్తే పాస్, విడివిడిగా రాయొచ్చు, పోయింది మళ్ళీ రాసుకోవచ్చు.

ఈలోగా మీరు చెయ్యాల్సిన పని, కన్సల్టెన్సీ అగ్రిమెంట్లో మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో ఆ లైను చదవండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గరుంటే ముందు వెనక్కి తెచ్చుకోండి. తెలంగాణ వాళ్ళే కాబట్టి విదేశీ ఉద్యోగాలకి పంపే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో కూడా ఒకసారి కనుక్కోండి.