నిద్ర ఆపుకోవడానికి తాగే సీసా... రక్తనాళాల మాటేమిటి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పూతలపట్టు దగ్గర పల్లె. మా ఆయనకు 34 ఏళ్లు, సొంత మినీ లారీ ఉంది. తోతాపురి మామిడి సీజన్లో కాయలు ఎత్తుకుని జ్యూస్ ఫ్యాక్టరీకి పోతే గేటు ముందు లైన్లోనే ఒక రాత్రి, ఒక్కోసారి రెండు రాత్రులు గడిచిపోతాయి. నిద్ర రాకుండా ఎనర్జీ డ్రింకు సీసాలు మూడు నాలుగు తాగేస్తారు. బండి కడుగుదామని తలుపు తీస్తే క్లచ్ దగ్గర ఖాళీ సీసాలు దొర్లుతుంటాయి. ఈ మధ్య గుండె దడ అంటున్నారు. మెడికల్ షాపులో చూపిస్తే బీపీ 150/96 ఉందన్నారు. మా మామగారికి ఇదివరకే పక్షవాతం వచ్చింది. ఈ డ్రింకులతో నరాలు కుచించుకుపోతాయని ఎవరో అన్నారు, నిజమేనా?
- ఒక సోదరి, చిత్తూరు జిల్లా

జవాబు: మన వైపు చేతి మీద కనబడే ఆకుపచ్చ గీతను కూడా నరమనే అంటాం కదమ్మా, మీకు చెప్పినవాళ్ల ఉద్దేశం రక్తనాళాలని. ఆ మాటలో నిజముంది. రక్తనాళం ఊరికే గొట్టం కాదు, దాని లోపలి గోడకు ఒకే ఒక్క వరస కణాలతో పల్చటి పొర ఉంటుంది, రక్తం ఎక్కువ కావాల్సినప్పుడు ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ వదిలితే నాళం సడలి వెడల్పవుతుంది. ఈ పని సరిగ్గా జరుగుతోందా లేదా అని చూడటానికి ఒక పరీక్ష ఉంది: చేతికి బీపీ పట్టీ బిగించి ఐదు నిమిషాలు రక్తం ఆపి వదిలేస్తారు, రక్తం ఒక్కసారిగా దూసుకొచ్చినప్పుడు నాళం ఎంత విచ్చుకుందో అల్ట్రాసౌండ్‌తో కొలుస్తారు.

అమెరికాలో హ్యూస్టన్ డాక్టర్లు 2018లో ఈ పరీక్షే 44 మంది మెడికల్ విద్యార్థుల మీద చేశారు. అందరూ ఇరవైల్లో ఉన్నవాళ్లు, పొగ తాగనివాళ్లు, ఏ జబ్బూ లేనివాళ్లు. డ్రింకు తాగక ముందు సగటున 5.1 శాతం విచ్చుకున్న నాళం, తాగిన గంటన్నరకు 2.8 శాతమే విచ్చుకుంది. వాళ్లు తాగింది దాదాపు 700 మి.లీ., అంటే మీ ఆయన తాగేవి పావు లీటరు సీసాలైతే మూడింటికి కాస్త తక్కువ. చిన్న అధ్యయనమే, అదీ గంటన్నర సంగతే, దీన్ని చూపించి సీసా తాగితే పక్షవాతం వస్తుందని నేను చెప్పను. కానీ పాతికేళ్ల ఆరోగ్యవంతుల నాళాలే అంత బిగుసుకుంటే, బీపీ 150 చూపిస్తున్న మనిషి, తండ్రికి పక్షవాతం వచ్చిన మనిషి రాత్రికి నాలుగు తాగడం నాకు భయమేస్తోంది.

బీపీ సంగతి కూడా అంతే. అమెరికాలోనే మేయో క్లినిక్ అనే ఆసుపత్రి వాళ్లు 2015లో ప్రచురించిన దాంట్లో పాతిక మందికి 480 మి.లీ. ఎనర్జీ డ్రింకు ఇస్తే పై బీపీ సుమారు 6 శాతం పెరిగింది, అదే రుచితో కెఫీన్ లేనిది ఇచ్చినప్పుడు 3 శాతమే.

మన దేశంలో ఇలాంటి డ్రింకుల్లో లీటరుకు 300 మి.గ్రా. వరకు కెఫీన్ ఉండొచ్చు. రోజుకు 500 మి.లీ. మించకూడదని సీసా మీద రాయాలి కూడా, రాస్తారు, చీకట్లో లారీ క్యాబిన్లో ఎవరికీ కనబడనంత సన్నటి అక్షరాల్లో. ఇక చక్కెర కొన్ని రకాల్లో 250 మి.లీ.కే 27 గ్రాములు ఉంటుంది, ఆరేడు టీ స్పూన్లన్నమాట.

అసలు మీ ఆయనకు తెలియాల్సింది ఇది: ఆ సీసా బలం ఇవ్వదు, నిద్ర తీర్చదు. అలసట పెరిగేకొద్దీ మెదడులో పేరుకునే అడినోసిన్ అనే పదార్థం ‘ఇక పడుకో’ అని చెబుతుంది, కెఫీన్ ఆ మాట వినబడకుండా అడ్డు పడుతుంది, అంతే. అలసట లోపల అలాగే ఉంటుంది. తాగిన ఐదారు గంటలకు కూడా సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది కాబట్టి, తెల్లారి ఇంటికొచ్చి పడుకున్నా నిద్ర సరిగ్గా పట్టదు, మళ్లీ రాత్రికి సీసా కావాలనిపిస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది: పీహెచ్‌సీలో మూడు రోజులు వేర్వేరుగా బీపీ చూపించండి. అరగంట ముందు నుంచి టీ, బీడీ, డ్రింకు ఏవీ వద్దు, ఐదు నిమిషాలు కూర్చున్నాకే చూడమనండి. మళ్లీ 140/90 దాటితే డాక్టరు దగ్గర ఈసీజీ, షుగరు కూడా చూపించండి, దడ గురించి తప్పక చెప్పండి. సీసాలు ఒక్కసారే మానేస్తే కొన్ని రోజులు తలనొప్పి రావచ్చు, అందుకని రెండు మూడు రోజులకొకటి చొప్పున తగ్గించమనండి. లైన్లో పక్క బండి వాళ్లకు చెప్పి, హ్యాండ్ బ్రేక్ వేసి ఇరవై నిమిషాలు కునుకు తీసినా ఆ సీసా కంటే మేలు. క్యాన్లో మజ్జిగో రాగి అంబలో పోసివ్వండి. ఛాతీ పట్టేసినట్టున్నా, మూతి వంకర పోయినా, మాట తడబడినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. ఇంకోటి, ఆ ఖాళీ సీసాలు ఈ రోజే తీసేయండమ్మా, ఒకటి దొర్లి బ్రేక్ కిందికి పోతే ఏమవుతుందో ఆలోచించండి.

ప్రశ్న: అలిపిరి మెట్లెక్కే ముందు మా హాస్టల్ ఫ్రెండ్స్ తలా ఒక ఎనర్జీ డ్రింకు తాగుతారు. తాగితే సులువుగా ఎక్కొచ్చా సార్?
- డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: తమ్ముడూ, 3,550 మెట్లు ఎక్కుతుంటే గుండె ఎలాగూ వేగంగా కొట్టుకుంటుంది, కాళ్లకు రక్తం బాగా అందాలంటే నాళాలు విచ్చుకోవాలి. సరిగ్గా ఆ సమయంలో వాటిని బిగదీసే దాన్ని ఎందుకు తాగడం? దీన్ని ఓఆర్ఎస్‌తో సమానం అనుకుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు, రెండిటికీ సంబంధమే లేదు. రెండు ఇడ్లీలు తిని, నీళ్ల బాటిల్ పట్టుకుని చల్లపూట బయల్దేరండి. గాలిగోపురం దాకా మెట్లు నిటారుగా ఉంటాయి, అక్కడి వరకు పందెం పెట్టుకోకండి. ఎవరికైనా దడ, కళ్లు తిరగడం, ఛాతీ నొప్పి అనిపిస్తే అక్కడే కూర్చోబెట్టి టీటీడీ సిబ్బందిని పిలవండి, ఇంకో వంద మెట్లే కదా అని లాక్కుపోవద్దు.