చెవి పట్టుకుని ఏడ్చే పిల్లాడికి వెల్లుల్లి నూనె వేయొచ్చా?

వేయకండి. ఏడాదిన్నర బాబు, జలుబు చేసింది, జ్వరం 102 ఉంది, రాత్రిళ్లు చెవి పీక్కుంటూ ఏడుస్తున్నాడు, ఇంట్లో పెద్దవాళ్లేమో పళ్లొస్తున్నాయి, వెల్లుల్లి నూనె కాచి రెండు చుక్కలు వేయమంటున్నారు అని రాశారు. అది చదవగానే నాకు మా ఆడపడుచు కొడుకు గుర్తొచ్చాడు.

ఆ సంక్రాంతికి అందరం తణుకు దగ్గర మా అత్తగారి ఊళ్లో ఉన్నాం. వాడికి అప్పటికి రెండేళ్లు నిండలేదు. ఊరికి వచ్చినప్పటి నుంచీ ముక్కు కారుతూనే ఉంది. భోగి రోజు రాత్రి ఇల్లంతా పడుకున్నాక అందుకున్నాడు ఏడుపు. భుజాన వేసుకుంటే కాస్త నెమ్మదిస్తాడు, పడుకోబెడితే మళ్లీ గుక్కపెడతాడు. చెవిపోటు పడుకుంటే ఎక్కువవుతుంది మరి. కానీ మా ఇంట్లో ఆ సంగతి ఎవరికి పట్టింది? సాయంత్రం భోగిపళ్లు పోసినప్పుడు ఊరంతా చూశారు కాబట్టి దిష్టి అన్నారు అత్తయ్యగారు. ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి పొయ్యిలో వేశారు. ఘాటు రాలేదట, 'చూశారా ఎంత దిష్టో' అన్నారు. పెద్దత్తయ్యగారు పళ్లే అన్నారు. మావయ్యగారు కడుపునొప్పి అని ఇంగువ రాయించారు. వాడు మాత్రం కుడి చెవి వదలడం లేదు.

చివరికి గరిటెలో నూనె, వెల్లుల్లి కాగాయి. వద్దండీ అన్నాను. 'ముగ్గుర్ని పెంచాం, మాకు చెబుతున్నావా అమ్మాయ్' అనేసరికి ఇంకేం మాట్లాడతాం. చల్లార్చి వేశారు. తెల్లవారుజామున ఏడుపు ఆగిపోయింది. చూస్తే దిండు గలీబు మీద పచ్చగా చీము మరక, అంచున కాస్త నెత్తురు. పిల్లాడు హాయిగా నిద్రపోతున్నాడు. 'చూశావా, చెడంతా నూనె బయటికి లాగేసింది' అని ఆ పండగంతా నన్ను చూసినప్పుడల్లా అన్నారు.

నూనె ఏమీ లాగలేదు. లోపల చీము నిండి, ఆ ఒత్తిడికి కర్ణభేరికి చిల్లు పడింది. ఒత్తిడి పోయింది కాబట్టి నొప్పి పోయింది. నొప్పి ఆగితే తగ్గిపోయిందనుకోవడం దగ్గరే మనవాళ్లందరూ ఆగిపోతారు. ఆ చిల్లు చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే పూడుతుంది, నిజమే. పూడిందో లేదో చూసేవాళ్లు ఉండాలి కదా! పూడకపోతే ఏళ్ల తరబడి చెవి కారుతూనే ఉంటుంది. పైగా చిల్లున్న చెవిలో నూనె పోస్తే అది నేరుగా లోపలికే పోతుంది.

పండగ కావడంతో డాక్టర్లు దొరకలేదు. మా ఆయన వెళితే మెడికల్ షాపులో అబ్బాయి పిల్లాణ్ని చూడకుండానే చుక్కల మందు తీసి చేతిలో పెట్టాడు. కర్ణభేరికి చిల్లు ఉంటే వాడకూడని చుక్కలు కొన్ని ఉన్నాయి, కొన్నిటివల్ల వినికిడికే ముప్పు. అందుకే ఇంటికి తెచ్చిన ఆ సీసా మూత నేను తీయనివ్వలేదు. ఇంకో జాడ్యం కూడా ఉంది: పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ ఫ్రిజ్‌లోంచి తీసి పోయడం. నొప్పికి పారాసెటమాల్ బరువును బట్టి సరైన మోతాదులో ఇస్తే చాలు, యాంటీబయాటిక్ కావాలో వద్దో డాక్టర్ చూసి చెప్పాలి. చూడటమంటే టార్చి వేసి చూడటం కాదు, ఓటోస్కోప్ అనే చెవి లోపల చూసే పరికరం పెట్టి కర్ణభేరిని చూడాలి. మీ డాక్టర్ గుండెకు స్టెతస్కోప్ ఆనించి చీటీ రాసేస్తుంటే, 'చెవిలో కూడా చూడండి సార్' అని అడగండి. ఆయనేం అనుకుంటాడో అని మొహమాటపడకండి.

మావాడి కథ అక్కడితో అయిపోలేదు. చిల్లయితే పూడింది, కానీ జలుబు చేసినప్పుడల్లా చెవి పట్టుకునేవాడు. నర్సరీకి వచ్చాక టీచర్ 'మాట వినడు, మొండి' అని డైరీలో రాసి పంపడం, వాళ్ల నాన్న వాణ్ని కేకలేయడం. టీవీ సౌండ్ మాత్రం చెవులు చిల్లులు పడేంత. చెవిపరీక్ష చేయించమని మా ఆడపడుచుతో పోట్లాడాను. చేయిస్తే రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు. మామూలుగా అది మూడు నెలల్లో ఇంకిపోతుందట, వాడికి ఇంకలేదు. ఈఎన్‌టీ డాక్టర్ కర్ణభేరిలో గ్రోమెట్ అనే చిన్న గొట్టం పెట్టారు. ఇంటికొచ్చాక మిక్సీ వేస్తే రెండు చెవులూ మూసుకుని 'ఆపు అమ్మా' అన్నాడు. కాబట్టి మాట వినని పిల్లాణ్ని తిట్టేముందు చెవులు చూపించండి. స్కూల్లో చేర్చేముందు వినికిడి పరీక్ష తప్పనిసరి చేయాలని నేనంటాను. యూనిఫాం కొలతలకు ఉన్న శ్రద్ధ దీనికి లేదు.

చెవిటితనం నివారణకని కేంద్రం 2007లోనే ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. మీ వీధిలో ఎవరైనా విన్నారేమో అడిగి చూడండి. పోలియో చుక్కలకు చేసిన హడావిడిలో పదో వంతు చేసినా, పడుకోబెట్టి నోట్లో పాలసీసా పెట్టకూడదని ప్రతి తల్లికీ తెలిసేది. పిల్లల్లో ముక్కు వెనక నుంచి చెవిలోకి వెళ్లే గొట్టం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది, అందుకే జలుబు ఊరికే చెవికెక్కుతుంది. ఇంట్లో ఎవరైనా సిగరెట్ కాలిస్తే ఇంకా ఎక్కువ. న్యుమోనియా రాకుండా వేసే న్యుమోకోకల్ టీకా 2021 నుంచి దేశమంతా ప్రభుత్వ టీకాల్లో ఉచితంగా వేస్తున్నారు, ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు. చెవి ఇన్ఫెక్షన్లు కూడా దానివల్ల కొంత తగ్గుతాయి. మీవాడి టీకా కార్డు ఒకసారి తీసి చూడండి. స్నానం చేయించే ఆవిడ చెవిలో నూనె పోసి ఊదుతుంటే మాత్రం మొహమాటం లేకుండా మాన్పించండి.

పళ్లొస్తుంటే జ్వరం 102 రాదు. బాబును రేపు పొద్దున్నే చూపించండి. చెవి వెనక ఎర్రగా వాచి చెవి ముందుకు పొడుచుకొచ్చినట్టున్నా, మెడ బిగుసుకున్నా, పాలు ముట్టకుండా మత్తుగా పడి ఉన్నా పొద్దుటిదాకా ఆగకండి, అర్ధరాత్రయినా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.