కొరాపుట్ ఎత్తు పుస్తకంలో ఒకటి, ఫోన్‌లో ఒకటి, వాచీలో ఇంకొకటి: అసలు ఆల్టిట్యూడ్ అంటే ఏది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఒడిశాలోని కొరాపుట్ ఎత్తు ఎక్కడ చూసినా 870 మీటర్లని ఉంది, ఫోన్ యాప్ 805 అంటోంది, చేతి వాచీ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చూపిస్తోంది. పైగా వచ్చే నెల నాన్నగారిని లద్దాఖ్‌లోని లేహ్ తీసుకెళ్తున్నారు, డాక్టర్లు చెప్పే ‘హై ఆల్టిట్యూడ్’ ఎక్కణ్ణుంచి మొదలవుతుందో తెలియాలి.

ఇందులో ఏదీ తప్పు కాదు. తెలుగులో అన్నిటికీ ‘ఎత్తు’ అనేసి ఊరుకుంటాం గానీ, సర్వేవాళ్ళు కొలిచేది దూరం, పైలట్ కొలిచేది గాలి ఒత్తిడి, డాక్టరుకి కావలసింది రక్తానికి అందే ఆక్సిజన్. మూడింటికీ చుట్టరికం ఉంది గానీ మూడూ ఒకటి కావు.

870 అన్నది సగటు సముద్రమట్టం నుంచి లెక్క. రైల్వే స్టేషన్ల పసుపు బోర్డుల మీద ఊరి పేరు కింద రాసేదీ అదే. బొర్రా గుహలకీ అరకుకీ మధ్య శిమిలిగుడ స్టేషన్‌కి 996 మీటర్లంటే అర్థం, విశాఖ దగ్గర సముద్రమట్టం నుంచి రైలు అంత పైకి ఎక్కిందని. ఫోన్‌లోని జీపీఎస్‌కి సముద్రం సంగతి తెలియదు. అది భూమిని లెక్కకి అనువుగా నున్నటి గుడ్డు ఆకారంగా అనుకుని, ఆ గుడ్డు మీద నుంచి కొలుస్తుంది. మన ప్రాంతంలో అసలు సముద్రమట్టం ఆ ఊహా గుడ్డు కంటే 60 మీటర్లకు పైగా కిందికి ఉంటుంది. కొన్ని యాప్‌లు ఈ తేడా సరిచేసి చూపిస్తాయి, కొన్ని చెయ్యవు. మీది ఏ రకమో తేల్చుకోవాలంటే గోపాల్‌పూర్ బీచ్‌కి వెళ్ళినప్పుడు చూడండి. కాళ్ళ కింద కెరటం ఉండగా మైనస్ అరవై, డెబ్బై చూపిస్తే అది సరిచెయ్యని యాప్.

వాచీ వేరే కథ. దాని లోపల ఉన్నది బుల్లి బారోమీటర్, అంటే గాలి ఒత్తిడి కొలిచే పరికరం. ఒత్తిడి తగ్గితే పైకి ఎక్కామనుకోవడమే దానికి తెలుసు. గాలి ఒత్తిడిని హెక్టోపాస్కల్స్‌లో కొలుస్తారు; కొరాపుట్ ఎత్తులో ఒక హెక్టోపాస్కల్ అంటే సుమారు 9 మీటర్లు. మన అక్షాంశాల్లో ఒత్తిడి రోజూ పొద్దున పదింటి ప్రాంతంలో ఎక్కువగా, సాయంత్రం నాలుగింటికి తక్కువగా ఉంటుంది. ఆ తేడా మూడు హెక్టోపాస్కల్స్ ఉన్నా, బల్ల మీద పెట్టిన వాచీ సాయంత్రానికి పాతిక మీటర్లకు పైగా పెరిగిపోతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే చెప్పక్కర్లేదు, పది హెక్టోపాస్కల్స్ పడిపోతే రాత్రికి రాత్రే తొంభై మీటర్లు. అందుకే బయల్దేరే ముందు ఎత్తు కచ్చితంగా తెలిసిన చోట, స్టేషన్ బోర్డు దగ్గరైనా సరే, సెట్ చేసుకోవాలి. చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. వాతావరణ యాప్‌లో 1008 అని చూసి, వాచీలో ‘ఇక్కడి ఒత్తిడి’ అని అడిగే చోట అదే కొట్టేస్తారు. ఆ 1008 సముద్రమట్టానికి మార్చి చెప్పిన అంకె. కొరాపుట్‌లో నిజంగా ఉండేది 910 దరిదాపుల్లో.

ఆ వంద తేడా వంటింట్లోనూ తెలుస్తుంది. నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో కందిపప్పు విసిగిస్తుంది. కుక్కర్‌లో తేడా ఒకటిన్నర డిగ్రీలే, ఒక విజిల్ ఎక్కువ వేస్తే చాలు. సాలూరులో కొన్న చిప్స్ ప్యాకెట్ సుంకి ఘాట్ ఎక్కాక బూరెలా పొంగేదీ, చెవులు దిబ్బళ్ళు వేసేదీ ఇందుకే. చెవి బాధ ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే ఎక్కువ, జలుబుంటే మరీను. చంటిబిడ్డ ఉంటే దిగేటప్పుడు పాలు పట్టండి.

ఇక విమానం. పైలట్ ‘36 వేల అడుగులు’ అంటే నేల నుంచీ కాదు, సముద్రం నుంచీ కాదు. పైన ఎగిరే విమానాలన్నీ ఎత్తు చూపించే మీటరులో 1013.25 హెక్టోపాస్కల్స్ పెట్టుకుంటాయి, ఆ ఒత్తిడి ఉండే ఊహా మట్టం నుంచి లెక్క. నిజం ఎత్తు కొన్ని వందల అడుగులు అటూ ఇటూ ఉన్నా, అందరి తప్పూ ఒకే తప్పు కాబట్టి విమానాల మధ్య వెయ్యి అడుగుల ఎడం చెడదు. దిగేటప్పుడు మాత్రం ఆ ఊరి క్యూఎన్‌హెచ్‌కి, అంటే సముద్రమట్టానికి మార్చిన అప్పటి ఒత్తిడికి, మార్చి తీరాలి. వానాకాలంలో క్యూఎన్‌హెచ్ 998 ఉండగా 1013 అలాగే వదిలేస్తే మీటరు దాదాపు 400 అడుగులు ఎక్కువ చూపిస్తుంది. కొండల మధ్య ఆ నాలుగొందలు చిన్నవి కావు.

ఇంకోటి డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పలచదనాన్ని బట్టి లెక్కగట్టే ఎత్తు. కొరాపుట్ జిల్లాలోనే ఉన్న జయపురం ఎయిర్‌స్ట్రిప్ సుమారు 2 వేల అడుగుల మీద ఉంది. ప్రామాణిక లెక్కన అక్కడ 11 డిగ్రీలుండాలి. మే నెల మధ్యాహ్నం 40 ఉందనుకోండి, 29 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 120 అడుగులు కలపమంటుంది పైలట్ల మోటు లెక్క. 29 ఇంటూ 120 అంటే 3480, దానికి 2000 కలిపితే 5480. అదే జిల్లాలోని దేవమాలి శిఖరం 1672 మీటర్లు, అంటే 5486 అడుగులు! నేల మీదున్న విమానం రెక్కలకీ ఇంజన్‌కీ దేవమాలి నెత్తిన నిలబడ్డట్టే. రన్‌వే పొడవు ఎక్కువ కావాలి, పైకి లేవడం మందగిస్తుంది. బరువు తగ్గించడమో, పొద్దున్నే బయల్దేరడమో తప్పదు. వేసవిలో అసలు ఒత్తిడే తక్కువుంటుంది కాబట్టి నిజం లెక్క ఇంకో మూడు నాలుగొందలు పైకే పోతుంది.

నాన్నగారి విషయానికొస్తే, గాలిలో ఆక్సిజన్ ఎక్కడైనా 20.9 శాతమే, తగ్గేది దాన్ని ఊపిరితిత్తుల్లోకి తోసే ఒత్తిడి. కొరాపుట్‌లో సముద్రతీరంతో పోలిస్తే 90 శాతం అందుతుంది, ఆరోగ్యవంతులకి తేడా తెలియదు. (రక్తహీనత లెక్కకి మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నుంచి 500, 1000 మీటర్ల మధ్య ఉన్న ఊళ్ళకి హిమోగ్లోబిన్ హద్దు డెసిలీటరుకి 0.4 గ్రాములు పెంచింది. రిపోర్టు చూపించేటప్పుడు ఏ ఊరివారో చెప్పండి.) ఎత్తు జబ్బు, అంటే పైన ఆక్సిజన్ చాలక వచ్చే తలనొప్పి, వికారం లాంటివి, సాధారణంగా 2500 మీటర్లు దాటాక మొదలవుతుంది, లేహ్ 3500. అసలు ప్రయాణంలోనే ఒక మెట్టు ఉంది. విమానం క్యాబిన్‌లో ఒత్తిడి 8 వేల అడుగుల దాకా, అంటే దేవమాలి కంటే పైన ఉన్నంత, పలచగా ఉండొచ్చు. ఊపిరితిత్తుల జబ్బు, గుండె జబ్బు ఉంటే, ఈమధ్య ఆపరేషన్ అయితే, టికెట్టు కంటే ముందు డాక్టరు మాట.

లేహ్‌లో దిగాక మొదటి రెండు రోజులు గదిలోనే. 3000 దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెంచకూడదు. పగలు ఎక్కి రాత్రికి దిగొచ్చినా పరవాలేదు. తలనొప్పితో పాటు వికారమో, నీరసమో ఉంటే పైకి వెళ్ళడం ఆపండి. గీత మీద ఒక పాదం మడమకి ఇంకో పాదం వేళ్ళు ఆనించి నడవమంటే తూలినా, కూర్చున్నా ఆయాసమొచ్చినా, తెల్లారేదాకా ఆగకుండా అప్పటికప్పుడు కిందికి దించాలి, ఆక్సిజన్ పెట్టించాలి. ఎత్తు జబ్బు రాకుండా వాడే మందు ఎసిటజోలమైడ్ మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఒక రోజు ముందు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివారైతే ముందే చెప్పాలి. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు అక్కడ 85–90 శాతం చూపించినా బెంబేలు పడకండి, మనిషిని చూడండి, అంకెని కాదు.

మన జిల్లాల వాళ్ళు మరిచిపోయేది ఒకటుంది, సికిల్‌సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు. ఆ జన్యువు తల్లి నుంచో, తండ్రి నుంచో ఒక్కటే వచ్చి జన్మలో ఇబ్బంది పడనివారికి కూడా అంత ఎత్తులో ప్లీహం దెబ్బతిని ఎడమ పక్కటెముకల కింద విపరీతమైన నొప్పి రావచ్చు. ఇంట్లో ఎవరికైనా ఉంటే నాన్నగారికి ఆ పరీక్ష బయల్దేరకముందే చేయించండి.