రీఫ్రెష్ నొక్కితే బ్రౌజర్ ఎందుకు ఆపి అడుగుతుంది?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఒక దరఖాస్తు నింపి, ఫీజు వివరాలిచ్చి సబ్మిట్ నొక్కాను. చాలాసేపటి వరకు పేజీ తెరుచుకోలేదు. రీఫ్రెష్ చేయబోతే, ఫామ్‌ను మళ్లీ పంపమంటారా అని బ్రౌజర్ అడిగింది. మామూలు పేజీలకు ఇలా అడగదు కదా, తేడా ఏమిటి? ఇలాంటప్పుడు ఏం చేయాలి?

జవాబు: ముందుగా, ‘మళ్లీ పంపు’ అన్న బటన్‌ను తొందరపడి నొక్కకండి. అది ఉత్తుత్తి హెచ్చరిక కాదు.

బ్రౌజర్, సర్వర్ (సైట్‌ను నడిపే అవతలి కంప్యూటర్) ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి పాటించే నియమావళి హెచ్‌టీటీపీ. ఇందులో మాట మొదలుపెట్టేది ఎప్పుడూ బ్రౌజరే. అది ఒక రిక్వెస్ట్ పంపుతుంది, సర్వర్ దానికి రెస్పాన్స్ ఇస్తుంది. రిక్వెస్ట్‌లో ఏ పని కావాలో చెప్పే ఒక పదం ఉంటుంది. 1991 నాటి తొలి రూపంలో ఉన్నది ‘గెట్’ ఒక్కటే, అంటే ఫలానా పేజీ ఇవ్వమని అడగడం. వివరాలను సర్వర్‌కు అప్పగించే ‘పోస్ట్’ ఆ తరువాత చేరింది. గెట్ వల్ల సర్వర్‌లో ఏదీ మారకూడదన్నది నియమం కాబట్టి దాన్ని ఎన్నిసార్లు పంపినా నష్టం లేదు, అందుకే మామూలు పేజీని బ్రౌజర్ అడగకుండానే రీఫ్రెష్ చేస్తుంది. పోస్ట్ అలా కాదు. రెండోసారి పంపితే రెండో దరఖాస్తు నమోదు కావచ్చు, ఫీజు రెండుసార్లు కట్ కావచ్చు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మీ రిక్వెస్ట్ దారిలోనే పోయి ఉండవచ్చు, లేదా సర్వర్ పని పూర్తి చేశాక దాని రెస్పాన్స్ దారిలో పోయి ఉండవచ్చు. ఈ రెండింటిలో ఏది జరిగిందో తెలుసుకునే వీలు బ్రౌజర్‌కు లేదు, దానికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే నిర్ణయం మీకు వదిలేస్తుంది.

కాబట్టి అదే విండోలో కొత్త ట్యాబ్ తెరిచి, ఆ సైట్‌లోనే మీ దరఖాస్తు స్థితి చూడండి. హెచ్‌టీటీపీకి తనంతట తాను జ్ఞాపకం ఉండదు. ప్రతి రిక్వెస్టూ దానికి కొత్తదే. మిమ్మల్ని గుర్తుపట్టడానికి లాగిన్ సమయంలో సర్వర్ ఇచ్చిన కుకీని, అంటే ఒక చిన్న గుర్తింపు చీటీని, బ్రౌజర్ దాచుకుని, ఆ సైట్‌కు వెళ్లే ప్రతి రిక్వెస్ట్‌తోనూ తిరిగి పంపుతుంది. కొత్త ట్యాబ్‌కూ అదే కుకీ వర్తిస్తుంది కనుక సాధారణంగా మళ్లీ లాగిన్ కానక్కర్లేదు. ఇన్‌కాగ్నిటో విండోకు మాత్రం అది వర్తించదు. దరఖాస్తు కనిపించకపోతే, ఖాతాలో డబ్బు కట్ కాలేదని నిర్ధారించుకున్నాకే మళ్లీ ప్రయత్నించండి.

తెర మీద ఏదైనా అంకె కనిపించి ఉంటే అదీ ఉపయోగపడుతుంది. 503 అంటే సర్వర్ ప్రస్తుతం పని చేసే స్థితిలో లేదని. 504 విషయంలో మరింత జాగ్రత్త అవసరం: ముందున్న సర్వర్‌కు మీ రిక్వెస్ట్ అందింది, వెనకున్న సర్వర్ నుంచి సకాలంలో జవాబు రాలేదు, కానీ పని మాత్రం జరిగిపోయి ఉండవచ్చు.

నిజానికి ఈ ఇబ్బందిని సైట్ తయారుచేసేవారు చాలావరకు తప్పించగలరు. పోస్ట్ అందగానే పేజీని నేరుగా పంపకుండా, 303 కోడ్‌తో ‘రసీదు ఫలానా చిరునామాలో ఉంది, వెళ్లి చూడు’ అని చెబితే, బ్రౌజర్ గెట్‌తో అక్కడికి వెళుతుంది. ఆపైన ఎన్నిసార్లు రీఫ్రెష్ చేసినా వచ్చేది రసీదే. రెస్పాన్సే అందని మీలాంటి సందర్భానికి ఇది చాలదు. అప్పుడు ప్రతి దరఖాస్తుకూ ముందే ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్యతో రెండోసారి వచ్చినదాన్ని సర్వర్ తిరస్కరించాలి. డబ్బుతో ముడిపడిన ఏ సైట్‌కైనా ఇది కనీస బాధ్యత అని నా అభిప్రాయం.

ఇదంతా స్వయంగా చూడాలంటే, కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లోకి వెళ్లి, ఏదైనా మామూలు పేజీని రీఫ్రెష్ చేయండి. మొదటి వరుస మీద క్లిక్ చేస్తే సాధారణంగా గెట్ అన్న పదం, 200 అన్న కోడ్ (రిక్వెస్ట్ సఫలమైందని అర్థం), ఉంటే మీ కుకీ కనిపిస్తాయి. ఆ తెరను స్క్రీన్‌షాట్ తీసి ఎవరికీ పంపకండి. లాగిన్ కుకీ చేతికి చిక్కితే, పాస్‌వర్డ్ తెలియకపోయినా మీ ఖాతాలోకి ప్రవేశించే వీలుంటుంది.