నైట్రోజన్ కొట్టించినా ఒక్క టైరులోనే గాలి దిగుతోందంటే

కారు టైర్లన్నింట్లో నైట్రోజన్ కొట్టించినా ఒక్క టైరులోనే గాలి ఎందుకు దిగుతోందని ఒకరు అడిగారు. అది లీకేనండీ, గ్యాస్ తప్పు కాదు. పదిహేను రోజుల్లో వెనక ఎడమ టైరు 33 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) నుంచి 27కి దిగింది, మిగతా మూడూ బాగానే ఉన్నాయన్నారు కదా, అన్నింట్లో ఉన్నది అదే నైట్రోజన్. మళ్లీ డబ్బులిచ్చి నింపించకండి. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది.

1. వాల్వు మూత తీసి సబ్బు నీళ్లు రెండు చుక్కలు వేయండి. బుడగ లేస్తే లోపలి పిన్ను మార్పించాలి, చిన్న ఖర్చే. నా కారుకి రెండు నెలలు తిప్పలు పెట్టింది అదే, ఆవగింజంత బుడగ, కాసేపు కళ్లార్పకుండా చూస్తేగాని కనిపించలేదు.

2. అక్కడ లేకపోతే టైరులో రోడ్డుకు తగిలే భాగం, రిమ్ము అంచు చూడండి. మేకు దిగి ఉండొచ్చు.

3. చాలామంది వదిలేసేది ఇదే: గాలి చల్లటి టైరులో చూడాలి. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, పొద్దున్నే అయితే మరీ మంచిది. ఎండలో ఐదారు కిలోమీటర్లు నడిపి బంకులో 33 పెట్టిస్తే తెల్లారేసరికి 30 చూపిస్తుంది, నైట్రోజన్ అయినా అంతే, వేడి పది డిగ్రీలు మారితే దాదాపు 2 పీఎస్ఐ తేడా వస్తుంది. ఎంత ఉండాలో డ్రైవర్ డోరు తీస్తే స్టిక్కర్ మీద ఉంటుంది.

4. నైట్రోజన్ దొరక్కపోతే మామూలు గాలి కలిపేయండి, టెన్షన్ అక్కర్లేదు. 27తో మాత్రం హైవే ఎక్కకండి, టైరు వేడెక్కి పేలే ప్రమాదం ఉంది.

నైట్రోజన్ ఉచితంగా కొడితే సరే, లేదంటే ఆ డబ్బుతో గాలి ఎంతుందో చూసుకునే గేజ్ ఒకటి కొనుక్కోండి.