నిగనిగలాడే ల్యూగర్‌ను నమ్మొచ్చా?

ప్రశ్న: బంధువు ఒకాయన తన సేకరణలోని జర్మన్ ల్యూగర్ పి08 పిస్టల్ నాకు అమ్ముతానంటున్నారు. ఛాంబర్ (తూటా కూర్చునే గది) మీద 1916 అని, పైన తయారీ కంపెనీ డీడబ్ల్యూఎం గుర్తు ఉన్నాయి. మొత్తం నల్లగా నిగనిగలాడుతోంది, చిన్న గీత కూడా లేదు. "తొంభై అయిదు శాతం కండిషన్, నంబర్లన్నీ మ్యాచింగే" అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. కొనేముందు ఏమేం చూడాలి?

జవాబు: మీ టెన్షన్‌కి కారణం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో తోలు ఒరలో తిరిగిన పిస్టల్ ఇప్పటికీ గీత లేకుండా ఉందంటే నాకు సంతోషం కన్నా ముందు అనుమానం వస్తుంది. అలాంటివి అసలు లేవనను. కానీ నా బల్ల మీదికి వచ్చే నిగనిగల్లో ఎక్కువ భాగం ఫ్యాక్టరీలో పుట్టినవి కావు.

ముందుగా తుపాకి ఖాళీయో కాదో మీ కళ్లతో మీరే చూసుకోండి. మేగజైన్ తీసేసి, మోకాలిలా ముడుచుకునే ఆ టాగుల్‌ను వెనక్కి లాగి ఛాంబర్‌లోకి తొంగి చూడండి. లోపల తూటా ఉంటే ఎక్స్‌ట్రాక్టర్ (తూటాను పట్టి బయటికి లాగే కొక్కెం) కాస్త పైకి లేచి, దాని పక్కన 'గెలాడెన్' (జర్మన్‌లో 'నింపి ఉంది') అనే అక్షరాలు కనిపిస్తాయి. అయినా అక్షరాలను నమ్ముకుని ఊరుకోవద్దు. ల్యూగర్‌తో ఇంకో చిక్కు ఉంది. బ్యారెల్ భాగాన్ని ఫ్రేమ్ నుంచి విడదీసి చేతిలో పట్టుకున్నప్పుడు కూడా, ఛాంబర్‌లో తూటా మిగిలి ఉంటే పక్కనున్న సియర్ (కాల్పుల సూదిని ఆపి ఉంచే మీట) నొక్కుకుని పేలే ప్రమాదం ఉంది. అలాగే మీ దేశపు చట్టం ఏ లైసెన్సు అడుగుతుందో డబ్బు ఇవ్వకముందే కనుక్కోండి. పాతది కదా అని అన్నిచోట్లా వదిలేయరు. అమెరికా కేంద్ర చట్టంలో కూడా 'యాంటిక్' అంటే 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనదే. 1916 ల్యూగర్ ఆ లెక్కలోకి రాదు.

ఇక ఆ నలుపు సంగతి. 1916లో ఈ పిస్టళ్లకు వేసింది రస్ట్ బ్లూ. ఉక్కుకు కావాలనే సన్నగా తుప్పు పట్టించి, మరిగించి, బ్రష్‌తో రుద్ది, మళ్లీ మళ్లీ అదే పని చేస్తే వచ్చే నీలినలుపు అది. చెమట తగిలే పిడి ముందు భాగంలో, ఒర రాసుకునే బ్యారెల్ మూతి దగ్గర, సైడ్‌ప్లేట్ (పక్కనుండే మూతరేకు) అంచుల్లో అది పలచబడి బూడిద రంగుకో గోధుమ రంగుకో తిరుగుతుంది. అరుగుదల అనేది చెయ్యీ ఒరా తగిలేచోట ఉండాలి. ట్రిగ్గర్, సేఫ్టీ లివర్, మేగజైన్ బటన్ లాంటి చిన్న భాగాలు మాత్రం నల్లగా ఉండవు. వేడి చేయడం వల్ల వచ్చిన ఎండుగడ్డి రంగులో ఉంటాయి. మీరు "మొత్తం నల్లగా" అని రాశారు చూడండి, నాకు అక్కడే గుచ్చుకుంది. తర్వాతి కాలంలో ల్యూగర్లు తయారుచేసిన మౌజర్ కంపెనీ 1937లో ఉప్పు ద్రావణంలో ముంచే బ్లూయింగ్‌కు మారాక ట్రిగ్గర్లు కూడా నల్లబడ్డాయి. 1916 డీడబ్ల్యూఎం పిస్టల్‌కి నల్ల ట్రిగ్గర్ ఉందంటే, ఆ భాగాన్ని మార్చి అయినా ఉండాలి, తర్వాత ఎవరో మొత్తంగా ముంచి తీసి అయినా ఉండాలి.

తర్వాత పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం తీసుకుని నంబర్లు, ముద్రల దగ్గరికి వెళ్లండి. ఉక్కు మీద అచ్చు కొట్టినప్పుడు అంకె చుట్టూ లోహం సన్నని గట్టులా పైకి లేస్తుంది. వేలి కొసతో మెల్లగా రాస్తే అది తగులుతుంది. కొత్తగా బ్లూ వేయాలంటే ముందు పాలిష్ పట్టాలి. ఆ పాలిష్‌లో మొట్టమొదట పోయేది ఈ గట్టే. దాంతోపాటు చదునైన చోట్ల అంచులు గుండ్రబడతాయి, అక్షరాలు నీళ్లలో నానినట్టు మెత్తబడతాయి. తుప్పు తిన్న గుంటల అడుగున కూడా నిండు నలుపు ఉందంటే ఇక వాదన అనవసరం, గుంట పడ్డాకే రంగు పడింది.

అమ్మేవారు ఒప్పుకుంటే గ్రిప్‌లు, అంటే పిడికి రెండు పక్కలా ఉండే చెక్కలు, విప్పించండి. వాటిని పట్టి ఉంచే రెండే ల్యూగర్‌లో ఉన్న స్క్రూలు. వాటి గాడి చిట్లి ఉంటే ఎవరో సరిపడని స్క్రూడ్రైవర్‌తో తంటాలు పడ్డారన్నమాట. ఎడమ చెక్కను సేఫ్టీ లివర్ దగ్గర జాగ్రత్తగా తీయాలి, అక్కడి మూల ఇట్టే విరుగుతుంది. లోపల ఫ్రేమ్ తెల్లగా, రంగు లేని ఉక్కుగా కనబడాలి. లోపల కూడా నలుపే ఉంటే అది కూడా ముంచిన సరుకే.

'మ్యాచింగ్', అంటే భాగాలన్నిటి మీదా ఒకే నంబర్, అన్న మాటను పిస్టల్ మీదే సరిచూసుకోవాలి. ఉదాహరణకు ఫ్రేమ్ ముందు 4731 ఉంటే బ్యారెల్ అడుగున, రిసీవర్ (బ్యారెల్ బిగించే భాగం) ఎడమ పక్కన అదే పూర్తి నంబర్ రావాలి. చిన్న భాగాల మీద, చెక్కల లోపలి వైపున 31 రావాలి. మేగజైన్ చెక్క అడుగు మీద కూడా నంబర్ ఉంటుంది. జతగా ఇచ్చిన రెండోదానికి పక్కన '+' గుర్తు ఉంటుంది. అసలు మేగజైన్ దొరకడం అదృష్టం, లేదని బేరం వదులుకోనక్కర్లేదు. అంకెల పోలిక మాత్రం గట్టిగా చూడండి. ఒక్క భాగం మీద అంకెలు లావుగా, చుట్టూ లోహం కాస్త పల్లంగా ఉంటే పాత నంబర్ గీకేసి కొత్తది కొట్టారనుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ సైన్యం స్వాధీనం చేసుకుని బాగుచేసిన వాటిలో ఇలాంటివి చాలా ఉన్నాయి, వాటి మీద తరచుగా ఒక ఇంటూ గుర్తు కనిపిస్తుంది. 1916తో పాటు 1920 అని కూడా ఉంటే కంగారు పడకండి, అది యుద్ధం తర్వాత జర్మన్ ప్రభుత్వం కొట్టిన ముద్ర, పిస్టల్ చరిత్రలో భాగమే.

శాతం అంటే మిగిలిన ఒరిజినల్ పూత ఎంత అని. మెరుపు ఎంత అని కాదు. అమెరికాలోని నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పాత తుపాకులకు పెట్టిన ప్రమాణాల్లో 'ఎక్సలెంట్'కు 80 శాతం పైన ఒరిజినల్ పూత, 'ఫైన్'కు 30 శాతం పైన ఉండాలి. పూత పూర్తిగా పోయినా, భాగాలన్నీ అసలువై అంచులు పదునుగా ఉంటే 'వెరీ గుడ్' దక్కుతుంది. రీబ్లూ చేసినది, అంటే మళ్లీ కొత్తగా రంగు వేసినది, దానికన్నా కిందనున్న 'గుడ్'కే పోతుంది. అంటే బోసిపోయిన పిస్టల్ మీ నిగనిగల పిస్టల్ కన్నా ఒక మెట్టు పైన! నాకు ఈ వరుస న్యాయంగానే తోస్తుంది. రీబ్లూ అని తేలితే కొనొద్దని చెప్పను, రీబ్లూ ధరకు కొనండి.

బ్యారెల్ లోపల కాస్త మసకగా ఉంటే పట్టించుకోకండి. ఆనాటి తూటాల ప్రైమర్‌లోని (మందును అంటించే చిన్న మూతలోని) లవణాలు తేమ పీల్చి తుప్పు పట్టించేవి. కానీ లోపల ఉంగరంలా ఒక నల్లటి వలయం కనిపిస్తే అది ఉబ్బు, అక్కడ బేరం గట్టిగా తగ్గించాలి.

ప్రశ్న: నా పాత సర్వీస్ పిస్టల్ మీద అక్కడక్కడా ఎర్ర తుప్పు చుక్కలున్నాయి. ఎమరీ పేపర్‌తో రుద్ది, బజారులో దొరికే బ్లూయింగ్ ద్రవం పూయొచ్చా?

జవాబు: దయచేసి వద్దు. పల్చని నూనె చుక్క వేసి కొన్నాళ్లు నాననివ్వండి, తర్వాత వెదురు పుల్లతో మెల్లగా గోకండి. రానిది అలాగే ఉండనివ్వండి. తోలు ఒరలో మాత్రం దాచకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. పట్టుకున్న ప్రతిసారీ తుడవండి, వేలిముద్రలోని ఉప్పు చాలు కొత్త చుక్కకి.

ప్రశ్న: వెబ్లీ మార్క్ 6 రివాల్వర్ చూశాను. సిలిండర్ వెనక భాగం కొంచెం చెక్కేసినట్టుంది. ఇది లోపమా?

జవాబు: కలెక్టర్ దృష్టిలో లోపమే. 1915లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న ఈ రివాల్వర్ .455 తూటాకు చేసింది. తర్వాత .45 ఏసీపీ అనే అమెరికన్ పిస్టల్ తూటాలు పట్టేలా చాలావాటి సిలిండర్లు వెనక చెక్కేశారు. చెక్కిన ఉక్కు తిరిగిరాదు, విలువ బాగా పడిపోతుంది. పైగా ఆ తూటాల ఒత్తిడి ఈ రివాల్వర్‌కు ఎక్కువ, కాల్చాలన్న ఆలోచనే పెట్టుకోకండి. సిలిండర్, కీలు, పైనున్న గడియ ఎంత వదులయ్యాయో పట్టుకుని ఊపి చూడండి. బిగువుగా ఉంటే, చెక్కిన విషయం ధరలో కలుపుకుని మాట్లాడుకోవచ్చు.